నలభయ్యో నాటి రొట్టె

తఫీదా గుమ్మం బయటే ఆగింది. మార్ బొక్తోర్ చర్చి వెనకనున్న ఆ చిన్న గదిలోకి ఆడవాళ్ళు అడుగుపెట్టరు. గదికి బెత్లెహేము అని పేరు. బలిపీఠం మీదికి వెళ్ళే కుర్బాన్ రొట్టె తయారయ్యేది అక్కడే. ఆవిడ నెత్తిమీది పిండి మూటను గడప మీదికి దించి, నడుం మీద చెయ్యి వేసుకుని కాసేపు ఊపిరి తీసుకుని, అప్పుడు "విస్సా" అని పిలిచింది.

లోపల పిండి తొట్టి తుడుస్తున్న విస్సాకి ఆ గొంతు వినగానే చేతిలో గుడ్డ జారిపోయింది. నలభై ఏడేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, ఊళ్ళో ఎవరికీ జంకనివాడు, ఈ ముసలావిడ కనబడితే మాత్రం సందు మార్చేవాడు. ఇవాళ ఆ వీలు లేదు. గదికి ఒకటే గుమ్మం.

శుక్రవారానికి బాఖూమ్ పోయి నలభై రోజులవుతుందని తఫీదా చెప్పింది, విస్సాకి తెలియనట్టు. ఆ రోజు ఆరాధనలో తన మొగుడి పేరు చదువుతారని, రొట్టెకి పిండి చనిపోయినవాళ్ళ ఇంటి నుంచి రావడం ఆనవాయితీ కాబట్టి తెచ్చానని, మూడుసార్లు జల్లించానని, చీమ కాలు కూడా దొరకదని చెప్పింది. విస్సా మూట అందుకుని లోపల పెట్టాడు. ఇక వెళుతుందనుకున్నాడు. ఆవిడ కదల్లేదు.

"ఒక్క మాట నాయనా. ఏమీ అనుకోకు. చప్పగా ఉండాలి రొట్టె. ఆయన పేరు చదివిన రోజున ఎవరి నోటా ఉప్పు మాట రాకూడదు."

విస్సా నోరు తెరిచాడు. ఏం చెప్పబోయాడో అతనికే తెలుసు. కానీ ఆ మాట ఆరేళ్ళుగా గొంతులోనే ఉండి ఉండి దారి మరిచిపోయింది. ఈలోపు చర్చి ఊడ్చే గొబ్రియాల్ చీపురు భుజాన వేసుకుని అటు వచ్చాడు. మాట పడితే చాలు అందుకునే మనిషి. విస్సా చేతి రొట్టె ఆరేళ్ళుగా ఎవరి నోరూ చెడగొట్టలేదని, పిన్ని నిశ్చింతగా ఉండొచ్చని అభయమిచ్చాడు. అంతటితో ఆగితే గొబ్రియాల్ ఎందుకవుతాడు?

"బాబాయి సంగతి వేరులే పిన్నీ. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదంటారు చూడూ, ఆ ఆదివారం ఊరు ఊరంతా నీళ్ళ కుండ దగ్గర వరస కట్టాం. అబూనా గారు కూడా."

తఫీదా నవ్వింది. ఆ నవ్వు చూడలేక విస్సా మొహం తిప్పుకున్నాడు. అది కోపం దిగమింగుకున్న నవ్వు కాదు. నిజమే కదా, నలుగురూ నవ్వుతున్నారు కదా, నేనూ నవ్వకపోతే బాగుండదని నేర్చుకున్న నవ్వు. ఆవిడ మూట కింద నెత్తిన పెట్టుకున్న గుడ్డ మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

అది పెద్ద ఉపవాస కాలం. ఆ యాభై అయిదు రోజులూ ఆరాధన మధ్యాహ్నం దాటాక మొదలవుతుంది, అందాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. అందుకని రొట్టె పని పొద్దున పది గంటలకి పెట్టుకుంటారు. విస్సా తలుపు మూసి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, తలకి తెల్లగుడ్డ చుట్టుకున్నాడు. తఫీదా మూటని శుక్రవారానికి ఉంచి, తొట్టిలో వేరే పిండి పోసి మధ్యలో గుంట చేశాడు. పులిసిన ముద్దని గోరువెచ్చటి నీళ్ళలో పిసికి ఆ గుంటలో వంచాడు. పిండి, పులుపు, నీళ్ళు. నాలుగోది ఉండదు. ఉప్పు అసలే ఉండదు. ఆ గదిలోకి ఉప్పు రాకూడదు.

కలుపుతున్నంతసేపూ కీర్తనలు చదవాలి. పిండి ముద్దయ్యేసరికి ఒక పూట కీర్తనలు అయిపోవాలి. విస్సా మొదటి కీర్తన ఎత్తుకున్నాడు. రెండు చరణాలు అయ్యాయో లేదో, ఎప్పటిలాగే, పొయ్యి పక్కనున్న పీట వైపు నుంచి ఆ గొంతు మొదలైంది. ముసలి గొంతు, చివర కాస్త గీరుకుంటుంది. విస్సా ఒక చరణంలో ఉంటే అది తర్వాతి చరణంలో ఉంటుంది. బాఖూమ్ బతికున్నప్పుడూ అంతే, శిష్యుడికంటే ఒక చరణం ముందు నడిచేవాడు. పోయిన నలభై రోజులుగానే కాదు, గది తాళం విస్సా చేతికి వచ్చిన రోజు నుంచీ ఆ గొంతు అక్కడే ఉంది. మనిషి నాలుగు వీధుల అవతల మంచం మీద దగ్గుతూ ఉండగానే ఆయన గొంతు ఇక్కడ కీర్తనలు చదివేది. విస్సా పీట వైపు చూడడు. చూస్తే ఎవరూ ఉండరని తెలుసు. అదే భయం.

ఆరేళ్ళ కిందటి ఆ ఆదివారం బాఖూమ్ ఆ పీట మీదే కూర్చున్నాడు. భుజం పట్టేసింది, చెయ్యి పైకి లేవడం లేదు. ఆ సంగతి బయటికి పొక్కితే ముప్పై తొమ్మిదేళ్ళ సేవ పోతుందని ఆయనకి దిగులు. కలిపేది రొట్టె చేసేవాడే, ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు అని చర్చిలో కట్టుబాటు. విస్సా పని నీళ్ళు మొయ్యడం, పొయ్యి రాజెయ్యడం, అంతవరకే. కానీ తలుపు మూశాక ఎవరు చూస్తారు? "నువ్వు కలపరా, నేను చదువుతా" అన్నాడు ముసలాయన. విస్సా అప్పుడు సర్కారు రొట్టెల బట్టీలో రాత్రి పని చేసేవాడు. అక్కడ తడవకి ఇంత అని ఉప్పు ముందే చిన్న చిన్న సంచుల్లో కట్టి జేబులో వేసుకుంటారు. పిండి తడపగానే ఒక సంచి తీసి విదిలించడం. రాత్రికి నలభై సార్లు. ఆ తెల్లవారుజామున బట్టీ నుంచి నేరుగా వచ్చి, నిద్ర కళ్ళతో, నోరు కీర్తన మీద ఉంచి, చెయ్యిని దాని అలవాటుకి వదిలేశాడు. ఎప్పుడు జేబులోకి వెళ్ళిందో, ఎప్పుడు విదిలించిందో అతనికి తెలియదు. ఆరాధన ముగిసి జేబు తడుముకుంటే ఖాళీ సంచి దొరికింది.

ఆ వెంటనే పూజారి అబూనా బిసంతి వాళ్ళిద్దరినీ ఈ గదిలోనే నిలబెట్టి అడిగాడు, పిండి ఎవరు కలిపారని. బాఖూమ్ ఒక్కసారి విస్సా వైపు చూశాడు. కోపంగా కాదు. రొట్టె ఉబ్బిందా లేదా అని పొయ్యిలోకి చూసినట్టు చూశాడు. విస్సా జేబులో సంచి పట్టుకుని తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. "తొట్టి నాది అబూనా. జవాబు కూడా నాదే" అన్నాడు బాఖూమ్. ఆ వారమే తాళం చేతులు మారింది. ఊళ్ళో చిన్నాపెద్దా ఆయనకి ఉప్పు బాబాయి అని పేరు పెట్టారు. ఆయన ఆరేళ్ళూ చర్చిలో ఆఖరి బల్ల మీద కూర్చున్నాడు. ఆరాధన అయ్యాక గుమ్మంలో విస్సా పళ్ళెంలోంచి రొట్టె తీసుకుని, ప్రతి వారమూ ఒకటే మాట అనేవాడు. దేవుడు నీ చేతికి బలమివ్వాలి రా అని. తిట్టినా బాగుండేది.

విస్సా ముద్ర వేశాడు. చెక్క ముద్రని పిండి మీద నిలువుగా అదిమి, సన్నటి పుల్లతో నడిమి చదరం చుట్టూ అయిదు పోట్లు పొడిచాడు. కుడివైపు మూడు, ఎడమవైపు రెండు. క్రీస్తు గాయాల లెక్క. అయిదో పోటు లోతుగా దిగి రొట్టె చిరిగింది. దాన్ని పక్కన పెట్టి ఇంకొకటి చేశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో మతీల్దా ఉడికించిన బాకలా చిక్కుడు గింజలు నూనె పోసి ముందు పెట్టింది. రెండు ముద్దలు తిని విస్సా పళ్ళెం జరిపాడు. ఉప్పెక్కువైందా అని ఆవిడ అడగలేదు. అడిగి అడిగి విసుగొచ్చింది. ఆరేళ్ళుగా ఇంట్లో ఉప్పు డబ్బా నెలకి సగం కూడా తరగడం లేదు, అయినా మొగుడి నాలుకకి ఉప్పే. ప్రభువు శరీరం నోట్లో పెట్టినప్పుడు కూడా ఉప్పే తగులుతుందని మాత్రం అతను ఆవిడకి చెప్పలేదు. ఇవాళ ఆవిడ అన్నది వేరు.

"బాఖూమ్ బాబాయి పోయినప్పటి నుంచి మీరు నిద్రలో కీర్తనలు చదువుతున్నారు. ఒక్కరు చదువుతున్నట్టు ఉండదు. ఏంటో చెప్పండి, లేదంటే అబూనా దగ్గరికి వెళ్ళండి. నాకు భయమేస్తోంది."

గురువారం పొద్దున విస్సా అబూనా ముందు కూర్చున్నాడు. నెలకోసారి పాపాలు ఒప్పుకోవడానికి కూర్చునే కుర్చీయే. ఆరేళ్ళలో డెబ్భైసార్లు కూర్చున్నాడు. పొరుగువాడి మీద కోపం, పిల్లవాణ్ణి కొట్టడం, ఉపవాసంలో పాలు వాసన చూడడం, అన్నీ ఒప్పుకున్నాడు. విందు పెట్టి అసలు వంటకం లోపల దాచుకున్న చందంగా, ఈ ఒక్కటి మిగుల్చుకున్నాడు. ఇవాళ మొదలుపెట్టగానే అది బయటికి వచ్చింది. చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

అబూనా బిసంతి చేతిలో శిలువ తిప్పుతూ విన్నాడు. పెద్దాయన, గడ్డం బొడ్డు దాకా తెల్లబడింది.

"ఆరోజు నేను అడిగాను. మీరిద్దరూ నా ముందే ఉన్నారు" అన్నాడు.

"అడిగారు అబూనా."

"నేను ఇంకోసారి అడగలేదు."

ఆ మాట విస్సాతో అన్నట్టు లేదు. తర్వాత ఆయన అతని తల మీద శిలువ ఆనించి పాపక్షమాపణ ప్రార్థన చదివాడు. రోజుకి నలభై సాష్టాంగాలు పెట్టమన్నాడు. అంతా అయ్యాక, లేవబోతున్న విస్సా భుజం పట్టి కూర్చోబెట్టాడు. దేవుడి దగ్గర కడిగేసుకున్నావు, ఇక ఊళ్ళో కడగబోకు అన్నాడు. ఆరేళ్ళుగా ఎవరి చేతి రొట్టె తిన్నామని జనం అడుగుతారు, అమాయకుల విశ్వాసం తడబడుతుంది, పునరుత్థాన పండగ ముంగిట్లో ఉంది, ఈ పని తెలిసినవాడు ఇంకొకడు లేడు అని ఒక్కొక్కటే చెప్పాడు. నన్ను కూడా అడుగుతారు అని చివర్లో కలిపాడు. ఆ మాట దాచనందుకు ఆయన మంచివాడే.

"తఫీదా పిన్నికైనా చెప్పాలి కదా అబూనా."

"చెబితే నీకు బరువు దిగుతుంది. ఆవిడకి ఏం మిగులుతుందో ఆలోచించావా?"

విస్సా ఆలోచించలేదు. ఆ ప్రశ్న అతనికి ముసలి పూజారి తన గడ్డం కాపాడుకోవడానికి అడ్డం పెట్టిన కర్రలా తోచింది. చెయ్యి ముద్దు పెట్టుకుని బయటికి వచ్చాడు. ఆ మధ్యాహ్నం ఆరాధనకి రొట్టె చేశాడు. పాపం ఒప్పుకున్నాడు కదా, గొంతు ఆగుతుందనుకున్నాడు. ఆగలేదు. ఒక చరణం ముందుగానే ఉంది.

ఎండ వాలుతుండగా తఫీదా ఇంటికి వెళ్ళాడు. ఆవిడ డాబా మీద ఉంది. నలభయ్యో నాడు సమాధి దగ్గర పేదలకి పంచే రొట్టెలు చేస్తోంది. మట్టి బిళ్ళల మీద ఒక్కొక్క ముద్ద పెట్టి ఎండలో వరసగా పేర్చింది. ఎండకి పిండి పొంగి, పైన పలచని పొర కట్టింది. ఆవిడ గొంతుక్కూర్చుని తాటి ముల్లుతో ఒక్కొక్క రొట్టె అంచు చుట్టూ గీత గీస్తోంది. గీత సరిగా పడితేనే పొయ్యిలో అంచు విచ్చుకుంటుంది. విస్సాని చూసి లేవలేదు. నీడలోకి వెళ్ళిన బిళ్ళలు ఎండలోకి జరపమంది. అతను జరిపాడు. ఆవిడ పక్కనే ఉప్పు గిన్నె, దాని మీద మూత.

కూతురు అస్యూత్ నుంచి రేపు పొద్దున వస్తుందని ఆవిడ చెప్పింది. మగపిల్లలు లేకపోవడం ఇలాంటప్పుడే తెలుస్తుందని, పెట్టె మోసిన రోజున పైవాళ్ళే భుజం పట్టారని చెప్పింది. నువ్వూ పట్టావు, గుర్తుంది అంది.

"పిన్నీ, ఆ ఉప్పు నేను వేశాను."

ముల్లు ఆగలేదు. తఫీదా ఆ రొట్టె చుట్టూ గీత పూర్తి చేసింది. విస్సా మిగతాది చెప్పాడు. భుజం, పీట, బట్టీ, జేబు, సంచి. బాబాయి తన వైపు చూసిన చూపు కూడా చెప్పాడు. చెబుతున్నప్పుడు బిళ్ళ ఒకటి రెండు చేతుల్లో పట్టుకుని ఉన్నాడు, దింపడం మరిచిపోయాడు. పిండి పక్కకి జారుతోంది. ఆవిడ లేచి వచ్చి బిళ్ళ తీసుకుని నేల మీద పెట్టి, ముద్దని మళ్ళీ గుండ్రంగా సర్దింది. గీసిన రొట్టెకే రెండోసారి గీత గీసింది.

అప్పుడు మాట్లాడింది. విస్సాతో కాదు, ముల్లుతో చెబుతున్నట్టు.

"నేను వెయ్యలేదే అన్నాడు. మొదటి రోజు అన్నాడు. మరి ఎవరు వేశారయ్యా, ఆ తొట్టిలో ఇంకెవరు చెయ్యి పెడతారు అని అడిగాను. నోరు మెదపలేదు. కళ్ళు కనబడక వేసేశాడు, ఒప్పుకోవడానికి నామోషీ అనుకున్నా. వీధిలో ఆడవాళ్ళు ఎగతాళి చేస్తే ముసలాడికి మతి పోయిందమ్మా అని నేనే అన్నా."

విస్సా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆవిడ పట్టించుకోలేదు.

"పోయే ముందు రోజు కూడా లేపి చెప్పాడు. తఫీదా, నేను వెయ్యలేదే అని. నీళ్ళు కావాలేమోనని లేచాను నేను. సరేలే, పడుకో అన్నా. అదే నా ఆఖరి మాట ఆయనతో."

అబూనా అడిగిన ప్రశ్న విస్సాకి అప్పుడు అర్థమయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. కాదు, అంతకంటే అన్యాయం. కాలుతున్నవి తన చేతులు కావు. ఆరేళ్ళు తన గుండెలో ఉన్న రాయిని తీసి ఈవిడ ఒళ్ళో పెట్టాడు. క్షమించమని అడగలేదు. తిట్టు పిన్నీ అన్నాడు. ఆవిడ తిట్టలేదు. ఇక రొట్టె నేను చెయ్యను, వేరే ఎవరినైనా పిలిపిస్తాను అన్నాడు.

"నువ్వే చెయ్యి. టైముకి చెయ్యి" అంది తఫీదా. తర్వాత కిందికి చూపిస్తూ, చీకటి పడుతోంది, మెట్లు చూసి దిగు అంది.

శుక్రవారం విస్సా ఎనిమిదింటికే బెత్లెహేము తలుపు తీశాడు. తఫీదా మూట విప్పి, మూడుసార్లు జల్లించిన పిండిని నాలుగోసారి జల్లించాడు. జేబులు లేని చొక్కా వేసుకున్నాడు. ఆరేళ్ళుగా అవే కుట్టించుకుంటున్నాడు. పీట మీది గొంతు మొదలయ్యే వేళకి అతనే ఆగాడు. దాన్ని ముందు పోనిచ్చి, వెనకాల చిన్నపిల్లాడిలా ప్రతి చరణమూ అప్పజెప్పుకుంటూ వెళ్ళాడు. భయం తగ్గలేదు. కానీ మొదటిసారి ఆ పీట వైపు చూశాడు. ఖాళీ పీట. మధ్యలో నునుపెక్కి, కూర్చున్న మనిషి బరువుకి కాస్త గుంట పడి ఉంది.

రొట్టెలు పొంగాయి. ఒక్కటీ పగలలేదు. పదకొండున్నరకి తాటాకు పళ్ళెంలో పేర్చి, తెల్లగుడ్డ కప్పి, గది తాళంచెవి గొబ్రియాల్ చేతిలో పెట్టాడు. ఆదివారం నుంచి అబూనా ఎవరిని చెయ్యమంటే వాళ్ళకి ఇవ్వమన్నాడు.

బలిపీఠం ముందు అబూనా ఏడు రొట్టెల్లోంచి ఒకటి ఎంచాలి. ఒక్కొక్కటీ తీసి, తిరగేసి, వాసన చూశాడు. ఎంచిన రొట్టె చేతిలో పట్టుకుని విస్సాని చూశాడు. విస్సా చూపు దించలేదు. అబూనా దాన్ని గుడ్డలో చుట్టి తల మీద పెట్టుకుని బలిపీఠం చుట్టూ నడిచాడు. ఆరాధన మూడు గంటల దాకా సాగింది. చనిపోయినవాళ్ళ పేర్లు చదివే చోట బాఖూమ్ పేరు వచ్చింది. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక్క ఏడుపూ వినబడలేదు. తఫీదా కూతురి పక్కన నిటారుగా నిలబడి ఉంది. జనం ప్రభువు శరీరం పుచ్చుకోవడానికి కదిలారు. విస్సా కదల్లేదు.

తర్వాత అతను ఎప్పటిలాగే గుమ్మంలో పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. ఎంచగా మిగిలినవీ, వాటితో పాటు పొద్దున కాల్చిన చిన్న రొట్టెలూ దీవెనగా అందరికీ పంచాలి. మొదట వచ్చినవాడు తాపీ పనిచేసే నారూజ్. విస్సా రొట్టె అతని చేతిలో పెట్టి, పెట్టిన చేతిని వదలకుండా చెప్పాడు.

"అప్పటి ఉప్పు నేను వేశాను. బాఖూమ్ కాదు."

నారూజ్‌కి అర్థం కాలేదు. ఏంటీ అన్నాడు. విస్సా మళ్ళీ అవే మాటలు చెప్పి తర్వాతి మనిషికి రొట్టె అందించాడు. ఆ మనిషికీ చెప్పాడు. తర్వాతి మనిషికీ. ఒక మాట ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. కొందరు నవ్వారు, ఇప్పుడెందుకురా ఆ గొడవ అని. ఒక ముసలాయన చెవి దగ్గర పెట్టి రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఒకామె రొట్టె తిరిగి పళ్ళెంలో పడేసి పిల్లల్ని లాక్కుని వెళ్ళింది. మరొకడు, బాఖూమ్ కనబడితే ఉప్పు కావాలా బాబాయ్ అని కేకేసేవాడు, రొట్టె తీసుకుని అరచేతిలో అలాగే పెట్టుకుని పక్కకి వెళ్ళి గోడకి ఆనుకున్నాడు. ఆ మాట, జనం వరసకంటే ముందే పరిగెత్తింది. వెనకున్నవాళ్ళకి గుమ్మం దాకా రాకముందే తెలిసిపోయింది. అయినా విస్సా ఎవరికీ మానలేదు. నూట ఎనభై మందికి చెప్పాడు. గొబ్రియాల్‌కి కూడా చెప్పాడు. గొబ్రియాల్ నీళ్ళ కుండ వైపు చూసి, మొహం కడుక్కోవాలన్నట్టు అటు వెళ్ళిపోయాడు.

తఫీదా అందరికంటే ఆఖర్న వచ్చింది. మెట్ల కింద జనం కదలకుండా నిలబడ్డారు. విస్సా రొట్టె ఎత్తాడు. ఆవిడకీ ఆ మాట చెప్పాలా వద్దా అని తడబడ్డాడు. ఆవిడ రొట్టె తీసుకుని, ముద్దు పెట్టుకుని, కూతురి చేతికిచ్చింది. తర్వాత మెట్ల మీదనే జనం వైపు తిరిగింది. గొంతు పెద్దది చెయ్యలేదు, కానీ అందరికీ వినబడింది.

"మూడో నాడు అబూనా వచ్చి ఇల్లంతా నీళ్ళు చల్లారు. ఏడవడానికి పరిచిన చాప ఎత్తించేశాను. మీ అందరికీ తెలుసు, నేను ఏడవలేదు. పాపం చేసి ఒప్పుకోకుండా పోయిన మనిషి అనుకున్నా. ఆ మనిషికి నలభై రోజులు అయిపోయాయి. ఏ పాపం చెయ్యని ఈ మనిషి ఇవాళ పోయాడు నాకు. చాప పరుస్తాను. రాదల్చుకున్నవాళ్ళు రండి."

నలభయ్యో నాడు దుఃఖం చాలించి నల్లబట్ట పెట్టెలో పెట్టేవాళ్ళను ఆ ఊరు చూసింది. నలభయ్యో నాడు చాప పరిచేవాళ్ళను ఎప్పుడూ చూడలేదు. ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తఫీదా మెట్లు దిగుతూ ఆగి, విస్సా వైపు చూడకుండానే అంది.

"గుమ్మంలో నిలబడడానికి నాకు కొడుకు లేడు. వచ్చినవాళ్ళ పరామర్శ అందుకోవాలి. నువ్వు నిలబడు. మూడు రోజులూ నిలబడాలి."

విస్సా ఖాళీ పళ్ళెం అక్కడే వదిలి ఆవిడ వెనక నడిచాడు. ఇంట్లో అటక మీంచి చాప దించి, దుమ్ము దులిపి, ముందుగదిలో పరిచాడు. పొరుగిళ్ళ నుంచి రెండు బల్లలు మోసుకొచ్చి సందులో వేశాడు. తఫీదా చెప్పులు విడిచి చాప మధ్యలో కూర్చుంది. అతను బయటికి వచ్చి గుమ్మం పక్కన, కొడుకు నిలబడే చోట, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. సందు చివరిదాకా ఎవరూ లేరు. ఎవరూ రారేమో అనిపించింది. ఒక్కడే మూడు రోజులూ నిలబడతానేమో అని కూడా అనిపించింది.

మొదట వచ్చింది అబూనా బిసంతి. వెంట ఎవరూ లేరు, చేతిలో శిలువ లేదు. ముసలి కాళ్ళతో సందంతా నడిచి వచ్చాడు. విస్సా అలవాటు ప్రకారం వంగి చెయ్యి ముద్దు పెట్టుకోబోయాడు. అబూనా ముద్దు పెట్టనివ్వలేదు. ఊళ్ళో మామూలు మనుషులు చావు ఇంటి గుమ్మంలో పట్టుకున్నట్టు అతని చెయ్యి పట్టుకుని, మామూలు మనుషులు అనే మాటే అన్నాడు.

"ఆయనకి మిగిలిన ఆయుష్షు నీ ఆయుష్షులో కలవాలి."

ఆ మాటకి ఒక జవాబు ఉంది. పుట్టి బుద్ధెరిగిన ప్రతివాడికీ వచ్చు. విస్సా వందసార్లు విన్నాడు, తన తండ్రి పోయినప్పుడు తనూ వందసార్లు చెప్పాడు. అదిప్పుడు చెబితే బాఖూమ్ కొడుకుగా చెప్పినట్టే. అబూనా చెయ్యి వదలకుండా ఎదురు చూశాడు. ఆయన వెనక సందు మలుపులో నారూజ్ కనిపించాడు, అతని వెనక ఇంకో ఇద్దరు. వాళ్ళూ వచ్చి ఇదే మాట అంటారు, ప్రతివాడికీ జవాబు చెప్పాలి.

"మీ ఆయుష్షు నిలవాలి అబూనా" అన్నాడు విస్సా.

అబూనా వెళ్ళి బల్ల చివర కూర్చున్నాడు. లోపల తఫీదా మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తూ ఏడవడం మొదలుపెట్టింది.